మందుకు లొంగని కణాల మీద పీహెచ్‌డీయా, ఏఐ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మకాలజీలో పీజీ పూర్తిచేస్తోంది. క్యాన్సర్ కణాలు మందులకు ఎందుకు లొంగవో పరిశోధించే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఏఐతో మందులు కనిపెట్టే కోర్సయితే త్వరగా స్థిరపడుతుందని మా ఆలోచన. ఏది మేలు? ఐదేళ్లు ల్యాబ్‌లో గడిపాక చేతికి ఏమీ రాకపోతే?

జవాబు: పేర్లు మారతాయి గానీ ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. మీ అసలు టెన్షన్ చివరి వాక్యంలో ఉంది కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అనుకున్న ఫలితం రాకపోయినా నేర్చుకున్న పని ఎక్కడికీ పోదు. కణాలను నెలల తరబడి పెంచడం, మోతాదు కొంచెం కొంచెం పెంచుతూ మందును తట్టుకునే కణాలను తయారుచేయడం, అవి ఎందుకు తట్టుకుంటున్నాయో తేల్చడం. కొత్త మందులను పరీక్షించే కంపెనీలకు కావలసింది ఈ పని తెలిసినవాళ్లే.

ఈ రంగంలో ఎదురుదెబ్బలు మామూలే. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు మందుకు లొంగని హ్యామ్‌స్టర్ కణాల పైపొరలో పి-గ్లైకోప్రోటీన్‌ను గుర్తించారు. లోపలికొచ్చిన మందును బయటికి తోసేసే పంపు అది. ఒక మందుకు అలవాటుపడిన కణం, అసలెప్పుడూ చూడని వేరే మందులను కూడా లెక్కచేయకపోవడానికి అదొక కారణం. మరి పంపును ఆపేస్తే? 1981లో వెరాపమిల్ అనే గుండె మందు ల్యాబ్‌లో ఆ ఆశ పుట్టించింది. రోగుల దాకా వచ్చేసరికి అది నిలవలేదు. ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ అనే మందు కథ వేరు. అది అతుక్కునే క్యాన్సర్ ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారి ఆ మందు అతుక్కోకుండా పోతే, ఆ మార్పును కూడా దాటే పొనాటినిబ్ అనే మందు 2012లో వచ్చింది. కణం ఎలా తప్పించుకుందో ఎవరో ఓపిగ్గా చూడబట్టే అది సాధ్యమైంది.

ఇక ఏఐ. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ప్రోటీన్ ఆకారాలను అంచనావేసే ఏఐని తయారుచేసినవాళ్లకు దక్కింది, కాదనను. నాకు అనుమానం ఉన్నది పొట్టి కోర్సుల మీద. ఎవరో తయారుచేసిన టూల్‌ను నడపడం నేర్పుతారు. అందులోకి వెళ్లే డేటా ఎక్కడిది? ఇలాంటి ల్యాబ్‌లదే. కణాలకు మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకితే ఆ అంకెలు తప్పుతాయని ల్యాబ్ ముఖం చూడనివాళ్లకు తట్టదు. మీ అమ్మాయి పీహెచ్‌డీ చేస్తూనే ఏఐ పనికి వాడే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు. కోర్సు చేసినవాళ్లు మాత్రం ల్యాబ్ అనుభవాన్ని వీడియోల్లో సంపాదించలేరు.

కాస్త కటువుగా చెబుతున్నా, ఏమనుకోకండి. ఉత్తరంలో మీ ఆలోచన రాశారు, మీ భయం రాశారు. ఆ అమ్మాయి ఈ పనినే ఎందుకు కోరుకుంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

భయపడాలంటే సబ్జెక్టు గురించి కాదు, గైడ్ గురించి భయపడండి. ఆ ప్రొఫెసర్ పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో అమ్మాయిని మాట్లాడమనండి. డిగ్రీ చేతికి రావడానికి ఎన్నేళ్లు పట్టింది, పేపర్లలో మొదటి పేరు ఎవరిది, ఫెలోషిప్ సమయానికి వచ్చేదా, ప్రయోగం చెడితే ఆయన కూర్చుని చూసేవారా, కేకలేసేవారా? కోర్సు ఫీజు కట్టేముందే ఈ ఫోన్లు అయిపోవాలి.