సైకాలజీ ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో కాలేజీలో ఎందుకుంటుంది?

డిపార్ట్‌మెంట్లను ఏ లెక్కన కాలేజీలుగా విడదీస్తారు, సైకాలజీ ఒకచోట సైన్స్‌లోనూ ఇంకోచోట సోషల్ సైన్సెస్‌లోనూ ఎందుకుంటుంది అని అడిగారు. నేను స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. మమ్మల్ని ఒక కాలేజీలోంచి తీసి ఇంకో కాలేజీలో కలిపినప్పుడు కరికులం కమిటీలో కూడా ఉన్నాను. అక్కడ చూసిందాన్ని బట్టి చెబుతున్నాను.

ఇక్కడ కాలేజీ అంటే యూనివర్సిటీ లోపల కొన్ని డిపార్ట్‌మెంట్లను ఒక డీన్ (అధిపతి) కింద కలిపిన విభాగం. కొన్నిచోట్ల దాన్నే స్కూల్, డివిజన్, ఫ్యాకల్టీ అంటారు. డిపార్ట్‌మెంట్ ఫైళ్ల మీద ఏ డీన్ సంతకం పెడతారో ముందు అది చూడండి. కొత్త పోస్టులు, ప్రమోషన్లు, బడ్జెట్, డిగ్రీ నిబంధనలు అన్నీ ఆ సంతకం చుట్టూనే తిరుగుతాయి. సబ్జెక్టు స్వభావం ఆ తర్వాతి సంగతి.

మీరడిగిన సైకాలజీనే తీసుకోండి. ఆక్స్‌ఫర్డ్‌లో అది మెడికల్ సైన్సెస్ డివిజన్‌లో ఉంది, కేంబ్రిడ్జ్‌లో బయలాజికల్ సైన్సెస్ స్కూల్‌లో ఉంది, షికాగో యూనివర్సిటీలో సోషల్ సైన్సెస్ డివిజన్‌లో ఉంది. మూడు చోట్లా మనిషి మనసు, ప్రవర్తన గురించే చెబుతారు. కానీ ల్యాబులకు డబ్బు ఎవరిస్తారు, కొత్త ప్రొఫెసర్ని ఎంచుకునే కమిటీలో ఎవరు కూర్చుంటారు అన్న దగ్గర తేడా వస్తుంది. ఎకనామిక్స్ కథా అంతే. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో అది బిజినెస్ స్కూల్లో భాగం. షికాగోలో బిజినెస్ స్కూల్ వేరు, ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ వేరు.

ఈ విభజన పాతదే. మధ్యయుగాల పారిస్ యూనివర్సిటీలో ఆర్ట్స్, మతశాస్త్రం, న్యాయం, వైద్యం అని నాలుగు ఫ్యాకల్టీలు ఉండేవి. న్యాయం, వైద్యం ఇప్పటికీ చాలాచోట్ల విడిగానే ఉన్నాయంటే అందులో అలవాటు కొంతే. ఆ కోర్సులకు గుర్తింపు ఇచ్చే వృత్తి సంస్థలు బయట ఉంటాయి, వాళ్లు తనిఖీకి వస్తే జవాబు చెప్పడానికి ఒక డీన్ ఉండాలి.

కొన్నిసార్లు ఒక సబ్జెక్టు ఉన్న కాలేజీలో ఇమడనంతగా పెరిగిపోతుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ 1988లోనే సొంత స్కూల్ అయింది. ఎంఐటీ 2019లో కంప్యూటింగ్ కాలేజీ పెట్టింది, అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఇటు ఆ కాలేజీకీ అటు ఇంజనీరింగ్ స్కూల్‌కీ రెండింటికీ చెందుతుంది. ఇద్దరు డీన్లతో మీటింగులు ఎలా ఉంటాయో ఊహించుకోండి! కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో కెమిస్ట్రీ, కెమికల్ ఇంజనీరింగ్ కలిసి ఒక సొంత కాలేజీగా ఉన్నాయి, ఫిజిక్స్ మాత్రం వేరే కాలేజీలో ఉంది. చరిత్ర అలా నడిచింది, అంతే.

అసలు కిటుకంతా డబ్బు దగ్గరుంది. కొన్ని యూనివర్సిటీల్లో ఫీజులన్నీ ముందు కేంద్ర ఖజానాకి పోయి, అక్కణ్ణుంచి కాలేజీలకు పంచుతారు. ఇంకొన్నిచోట్ల ఏ కాలేజీ సంపాదన ఆ కాలేజీదే, లైబ్రరీకీ కరెంటుకీ ఉమ్మడి ఖర్చులకీ తన వాటా కడితే చాలు. హార్వర్డ్, పెన్సిల్వేనియా యూనివర్సిటీలు ఈ రెండో పద్ధతికి పేరుపడ్డవి. ఒకే ఇంట్లో వేరు పొయ్యిలన్నమాట. మా దగ్గర క్లాసులో కూర్చున్న విద్యార్థుల సంఖ్యను బట్టి డబ్బు పంచడం మొదలుపెట్టగానే మేనేజ్‌మెంట్ కాలేజీ తన సొంత స్టాటిస్టిక్స్ కోర్సు తెచ్చింది. వెనకే ఇంజనీరింగ్ వాళ్లూ తెచ్చారు. అదే రిగ్రెషన్, అదే టీ-టెస్ట్ (రెండూ స్టాటిస్టిక్స్‌లో మొదట నేర్పే పద్ధతులే), కోర్సు పేర్లు మాత్రం మూడు. "మా పిల్లలకు మా రంగం ఉదాహరణలు కావాలి" అని కమిటీలో వాదించేవారు. అందులో సగం నిజముంది, ఒప్పుకోవాలి. మిగతా సగం ఫీజు. ఇంజనీరింగ్ నుంచి సైన్స్‌కి మారిన విద్యార్థులు నేర్చుకున్న పాఠమే మళ్లీ కూర్చుని వినాల్సి వచ్చేది.

తర్వాత మా డిపార్ట్‌మెంట్‌ని సైన్స్ కాలేజీలోంచి కొత్తగా పెట్టిన కంప్యూటింగ్ కాలేజీకి మార్చారు. గదులు మారలేదు, మనుషులు మారలేదు. కానీ ప్రమోషన్ల లెక్క మారింది. అంతకుముందు జర్నల్ పేపర్లే చూసేవారు, కొత్త డీన్ ఆఫీసు కాన్ఫరెన్స్ పేపర్లకీ విలువ ఇచ్చింది, ఎందుకంటే కంప్యూటర్ సైన్స్‌లో అదే రివాజు. మెషీన్ లెర్నింగ్ వైపు పనిచేసే కుర్ర లెక్చరర్లు సంతోషపడ్డారు, థియరీ చేసే సీనియర్లకు టెన్షన్ పట్టుకుంది. విద్యార్థులకైతే మేజర్ సబ్జెక్టులు అవే ఉన్నా, తప్పనిసరిగా చదవాల్సిన భాషల, హ్యుమానిటీస్ కోర్సుల జాబితా మారిపోయింది.

ఒక్క జాగ్రత్త. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల్లో "కాలేజీ" అంటే ఇది కాదు. అక్కడ ఒకే కాలేజీలో రకరకాల సబ్జెక్టుల వాళ్లు ఉంటారు. డిగ్రీ విద్యార్థుల అడ్మిషన్లు, వసతి, చిన్న గుంపులకు చెప్పే ట్యుటోరియల్స్ కాలేజీ చూసుకుంటుంది. డిపార్ట్‌మెంట్లు, పరీక్షలు, డిగ్రీ యూనివర్సిటీవి. ఆక్స్‌ఫర్డ్‌లో డిపార్ట్‌మెంట్లన్నీ నాలుగు డివిజన్ల కింద సర్దారు.

మీరు చేరడానికి చూస్తున్నట్టయితే డిపార్ట్‌మెంట్ పేజీతో ఆగకండి, దాని పైనున్న కాలేజీ డిగ్రీ నిబంధనలు కూడా చదవండి. బర్క్‌లీలో చాలా కాలం కంప్యూటర్ సైన్స్‌కి రెండు దారులుండేవి: ఇంజనీరింగ్ కాలేజీ నుంచి బీఎస్, లెటర్స్ అండ్ సైన్స్ (ఆర్ట్స్, సైన్స్ సబ్జెక్టుల) కాలేజీ నుంచి బీఏ. కోర్ కోర్సులు చాలావరకు ఒకటే అయినా అడ్మిషన్ పద్ధతి, మిగతా తప్పనిసరి కోర్సులు వేరు. చేరాక కాలేజీ మారొచ్చా, మారితే పాత క్రెడిట్లు చెల్లుతాయా అని ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.