టైమరు నిదానం, దోషనిదానం

సందేహం: కావలిలో డిప్లొమా విద్యార్థులకు అట్‌మెగా 328పి చిప్పుతో ప్రయోగాలు చేయిస్తుంటాను. సెకనుకోసారి వెలగవలసిన ఎల్‌ఈడీ 16 సెకన్లకోసారి వెలుగుతుంటే, రికార్డులో 'టైమరు నిదానంగా ఉంది, దోషనిదానం చేయాలి' అని రాయించాను. రెండో 'నిదానం' తప్పనీ, మొదటిదాని చోట 'ఆలస్యం' ఉండాలనీ తోటి అధ్యాపకులు అంటున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: మీరు రాయించినదే ఒప్పు. సంస్కృతంలో నిదానమంటే మూలకారణం. జబ్బుకు కారణం తేల్చడాన్ని వైద్యులు రోగనిదానం అన్నట్లే, యంత్రంలో లోపమెక్కడుందో వెదికి పట్టుకోవడాన్ని దోషనిదానం అనవచ్చు. తెలుగులో ఆ మాటకు తొందర లేకపోవడమనే అర్థం స్థిరపడింది. మన నెల్లూరు వైపు 'నిదానంగా పో నాయనా' అనని ఇల్లుండదు. రెండర్థాలూ ఒకే వాక్యంలో ఎదురైతే చదువరి తడబడతాడు గనుక మొదటిచోట 'మెల్లగా నడుస్తోంది' అని మార్చుకోండి.

'ఆలస్యం' మాత్రం ఇక్కడ కుదరదు. (సంస్కృతంలో దానికి సోమరితనమని అర్థం, పాపం, చిప్పుకు ఆ నింద తగదు.) నిదానం నడకను చెబుతుంది, ఆలస్యం రాకను చెబుతుంది. ఒంగోలులో అరగంట లేటుగా బయలుదేరిన బస్సు దారిలో ఎంత ఉరికినా కావలికి ఆలస్యంగానే చేరవచ్చు. దాన్ని నిదానంగా వచ్చిందనం. మీ ఎల్‌ఈడీ మొదట కాసేపు ఆగి, ఆపైన సెకనుకోసారి వెలిగి ఉంటే ఆలస్యమనేవాళ్లం. ప్రతిసారీ 16 సెకన్లు పడుతోందంటే నడకే మందగించింది. ఆ చిప్పు నడకకు తాళం వేసే లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాకును, కర్మాగారంలోనే అమర్చిన ఒక ఫ్యూజ్ బిట్ (చిప్పు అమరికను నిర్ణయించే స్విచ్చులాంటిది) 8తో భాగించి 1 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తుంది. దాన్ని మార్చకుండా ప్రోగ్రాములో 16 మెగాహెర్ట్జ్ అని రాసుకుంటే వచ్చే తేడా సరిగ్గా 16 రెట్లు. 'మెల్లగా' అని రాసిన విద్యార్థి క్లాకును అనుమానిస్తాడు. 'ఆలస్యంగా' అని రాసినవాడు ప్రోగ్రాములో లేని డిలే కోసం వెదుకుతూ కూర్చుంటాడు.

మీరు అడగకపోయినా 'వెనకబడు' అనే క్రియ కూడా ఇక్కడ పనికొస్తుంది. క్లాకు నిజంగానే 16 మెగాహెర్ట్జ్‌తో నడుస్తున్నప్పుడు, టైమరు కోసం దాన్ని 1024తో భాగిస్తే సెకనుకు 15,625 లెక్కలు. సున్నా నుంచి లెక్కించే టైమరుకు ఆఖరి లెక్కగా 15,624 ఇవ్వవలసిన చోట 15,625 ఇస్తే కంటికేమీ తెలియదు గాని, రోజు తిరిగేసరికి దాదాపు ఐదున్నర సెకన్ల తేడా పడుతుంది. అప్పుడు 'రోజుకు ఇన్ని సెకన్లు వెనకబడుతోంది' అని రాయించండి. అంకె లేకుండా ఆ క్రియను రికార్డులో రాయనివ్వకండి.