వేరే మతాల గురించి తెలుసుకుంటే మన భక్తి తగ్గుతుందా?

తగ్గాల్సిన పనిలేదు, చాలామందికి సొంత ఆచారమే ఇంకా బాగా అర్థమవుతుంది. అలవాటుగా చేసే పనికి కారణం అడగం. పక్కింటివాళ్లు అదే పని వేరేలా చేస్తుంటే అడుగుతాం.

విశాఖలో ఏకాదశి ఉపవాసం ఉండే ఒకామె రంజాన్ రోజా గురించి తెలుసుకుందనుకోండి. తెల్లవారకముందు నుంచి సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు కూడా ముట్టరు. జబ్బు చేసినవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు మినహాయింపు. మరి తన ఉపవాసం అంటే ఏమిటి, అన్నం బదులు ఉప్మా తినడమేనా (చాలా ఇళ్లలో అంతే!) అని ఆలోచనలో పడుతుంది. ‘ఉపవాసం’ అనే మాటకు అర్థం దగ్గరగా ఉండటం అని అప్పుడు గుర్తొస్తుంది.

తెలుసుకోవడమంటే అన్నీ ఒకటేనని ఒప్పుకోవడం అనుకుంటారు, అది పొరపాటు. విశాఖ దగ్గరి తొట్లకొండ మీద స్తూపాలు కట్టుకున్న బౌద్ధంలో సృష్టికర్త దేవుడు లేడు; సింహాచలం వెళ్లే భక్తుడికి అప్పన్నే సర్వం. ఆ తేడా అలాగే ఉంటుంది.