డిజైన్ సరైనదని తేలాక కూడా ప్రతి చిప్‌నీ ఎందుకు పరీక్షిస్తారు?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (బస్తా)లోంచి గుప్పెడు కాయలు చూసి సరుకు ఎలాంటిదో చెప్పేస్తారు. చిప్‌లకు అది చాలదు. తయారీలో పడిన ఒక్క ధూళికణం ఈ చిప్‌ను పాడుచేసి పక్కదాన్ని వదిలేయొచ్చు.

పోనీ, అన్ని ఇన్‌పుట్లూ ఇచ్చి చూద్దామంటే, రెండు 32 బిట్ల సంఖ్యల్ని కూడే సర్క్యూట్‌కే సెకనుకు 100 కోట్ల చొప్పున 580 ఏళ్లు దాటుతుంది! అందుకే లోపాన్నే ముందు ఊహించుకుంటారు: ఫలానా తీగ 0 దగ్గరే ఇరుక్కుపోయిందనుకుందాం. దీన్ని స్టక్-ఎట్ ఫాల్ట్ అంటారు. అది బయటపడాలంటే ఆ తీగను 1 చేయాలి, ఆ తేడా అవుట్‌పుట్ దాకా చేరాలి. యాండ్ గేటు (రెండు ఇన్‌పుట్లూ 1 అయితేనే 1 ఇచ్చేది) ఇన్‌పుట్లలో ఒకటి అలా ఇరుక్కుందేమో చూడాలంటే, రెండింటికీ 1 ఇవ్వండి. 0 వస్తే లోపమున్నట్టే. రెండోదానికి 0 ఇస్తే మాత్రం ఏమీ తెలియదు.

చిప్ లోపలి తీగల దాకా చేరడానికి నాకు బాగా నచ్చే దారి స్కాన్ చైన్: పరీక్షప్పుడు లోపలి ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కో బిట్‌ను దాచుకునే భాగాలు) దండలా కలిసిపోయి, ఒక పిన్ నుంచి విలువలు తీసుకుని, మరో పిన్ నుంచి ఫలితాలు బయటికి పంపుతాయి.