ముసలి కుక్క ప్లీహంలో గడ్డ: ఆపరేషన్ చేయించవచ్చా?

ప్రశ్న: నూజివీడు దగ్గర మాకు మామిడి తోట ఉంది. తోట కాపలాకు పెంచుకున్న జర్మన్ షెపర్డ్ క్రాస్ కుక్కకు పదేళ్లు నిండాయి. బరువు 28 కిలోలు. మూడు వారాల కిందట ఉన్నట్టుండి కూలబడిపోయింది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. మర్నాటికి లేచి మామూలుగానే అన్నం తింది. ఎందుకైనా మంచిదని స్కానింగ్ తీయిస్తే ప్లీహం మీద 7 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి ప్లీహం మొత్తం తీసేయాలట. ఈ వయసులో తట్టుకుంటుందా? అది క్యాన్సరేనా? ప్లీహం లేకుండా బతుకుతుందా? ముసలిదాన్ని కోయించి బాధపెట్టడం ఎందుకని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక మామిడి రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మీ కుక్క పడిపోవడం, చిగుళ్లు పాలిపోవడం, మర్నాటికి లేచి తినడం... ఈ మూడూ కలిస్తే ఏం జరిగిందో దాదాపు తెలిసిపోతుంది. చాలామంది దీన్ని వడదెబ్బ అనుకుని వదిలేస్తారు. మీరు స్కానింగ్ దాకా వెళ్లడం చాలా మంచి పని. ప్లీహం నిండా రక్తం ఉంటుంది. దాని మీద గడ్డ చిట్లితే ఆ రక్తం కడుపులోకి కారుతుంది. కారడం తనంతట తానే ఆగితే, కారిన రక్తంలో చాలావరకు మళ్లీ ఒంట్లోకి ఇంకి, కుక్క ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. 28 కిలోల కుక్క ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు రెండున్నర లీటర్లే. రెండోసారి గట్టిగా చిట్లితే ఆసుపత్రికి చేరేదాకా ఆగకపోవచ్చు. కాబట్టి ఆపరేషన్ విషయం ఈ వారంలోనే తేల్చుకోండి. మామిడి కోతలు అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

క్యాన్సరేనా అంటే, ఆపరేషన్‌కు ముందు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. స్కానింగ్‌లో చెడ్డ గడ్డ, మామూలు గడ్డ ఒకేలా కనిపిస్తాయి. ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి కూడా చెప్పలేం. చాలా పెద్ద గడ్డలు ఒట్టి రక్తపు గడ్డలుగా తేలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. సూది గుచ్చి పరీక్ష చేయిద్దామా అని కొందరు అడుగుతారు. ఇలాంటి గడ్డకు నేను వద్దంటాను. సూదికి వచ్చేది ఎక్కువగా రక్తమే, దానితో ఏమీ తేలదు, పైగా గడ్డ చిట్లే ప్రమాదం ఉంది.

అయినా మీకు ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాలి. వేరే పని మీద స్కానింగ్ చేస్తే బయటపడ్డ, చిట్లని గడ్డల్లో సగానికి పైగా మామూలువే. కడుపులోకి రక్తం కారిన కుక్కల్లో లెక్క తిరగబడుతుంది, మూడింట రెండు వంతుల దాకా చెడ్డవే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం రక్తనాళాల పొరలో పుట్టే హిమాంజియోసార్కోమా అనే క్యాన్సర్. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ జాతుల్లో ఇది ఎక్కువ. మీ కుక్క జాతినీ, వయసునీ, పడిపోయిన తీరునీ బట్టి అనుమానం అటువైపే మొగ్గుతుంది. అలాగని ఆశ వదులుకోవాల్సిన పని లేదు. ప్రతి మూడు కుక్కల్లో ఒకటి ఆపరేషన్‌తోనే పూర్తిగా బాగుపడుతుంది. ఆ ఒక్కటి మీదే కావచ్చు.

బల్ల ఎక్కించే ముందు కొన్ని పరీక్షలు తప్పనిసరి. ఛాతీ ఎక్స్‌రే కుడి, ఎడమ పక్కల నుంచీ, వెల్లకిలా పడుకోబెట్టీ మూడు కోణాల్లో తీయించాలి. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపిస్తే జబ్బు పాకినట్టే, అప్పుడు కోయమని నేను చెప్పను. వీలైతే గుండె స్కానింగ్ కూడా చేయించండి, ఎందుకంటే ఈ క్యాన్సర్ గుండె కుడివైపు పై గదిలో కూడా కూర్చుంటుంది. కాలేయం, కిడ్నీ పరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం, ప్లేట్‌లెట్లు ఎలాగూ చూస్తారు.

వీటితో పాటు మన ప్రాంతంలో అస్సలు మరవకూడనిది పిడుదుల జ్వరం పరీక్ష. పిడుదుల వల్ల, అదే గోమార్ల వల్ల వచ్చే ఎర్లిషియా, బబీసియా జబ్బుల్లో కూడా ప్లీహం వాస్తుంది, రక్తం తగ్గుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. అయితే అప్పుడు ప్లీహం మొత్తం ఒకేలా ఉబ్బుతుంది, విడిగా గడ్డ కట్టదు. మీ కుక్కకు విడి గడ్డే ఉంది. కానీ రెండూ కలిసి ఉండే కుక్కలు మన దగ్గర తక్కువేమీ కాదు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్న కుక్కను కోస్తే రక్తం ఆపడం కష్టం. పిడుదుల జ్వరం ఉందని తేలితే ఎంత వరకు తగ్గించి ఆపరేషన్‌కు వెళ్లాలో మీ డాక్టర్ గారు నిర్ణయిస్తారు.

వయసు గురించి ఇంట్లో వాళ్ల భయం నాకు అర్థమైంది. కానీ పదేళ్ల వయసు ఒక్కటే ఆపరేషన్‌కు అడ్డు కాదు. కిడ్నీలు, గుండె బాగుంటే ఈ వయసు కుక్కలు మత్తుమందును బాగానే తట్టుకుంటాయి. ఇది చిన్న ఆపరేషన్ మాత్రం కాదు. వందలో ఏడెనిమిది కుక్కలు ఆపరేషన్ సమయంలోనో, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనో చనిపోతాయి. కారణాలు ఎక్కువగా రక్తస్రావం, రక్తం గడ్డకట్టి రక్తనాళాల్లో అడ్డుపడటం, గుండె లయ తప్పడం. లయ తప్పడం మొదటి రెండు రోజుల్లో ఎక్కువ. అందుకే సాయంత్రానికే ఇంటికి తీసుకెళ్లమనే చోట కాకుండా, రెండు రోజులు ఉంచుకుని ఈసీజీ చూసే చోట చేయించండి. మీకు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే. ముందుగా కనుక్కుని వెళ్లండి.

వెళ్లేటప్పుడు రక్తం ఇవ్వగల కుక్కను కూడా చూసుకోండి. 25 కిలోలు దాటి, వయసులో ఉన్న, టీకాలు వేయించిన ఆరోగ్యమైన కుక్క ఒకేసారి 450 మిల్లీలీటర్ల దాకా ఇవ్వగలదు. దానికీ పిడుదుల జ్వరం లేదని తేల్చుకుని, రెండింటి రక్తం సరిపోలుతుందో చూసి ఎక్కిస్తారు.

పొట్ట తెరిచాక ప్లీహం మొత్తం తీసేస్తారు. కాలేయం మీద అనుమానపు బొడిపెలు ఉంటే వాటి నుంచీ ముక్క తీస్తారు. తీసిన ప్లీహాన్ని పారేయనివ్వకండి. పాడవకుండా ఫార్మలిన్ ద్రావణంలో వేసి పరీక్షకు పంపించమని గట్టిగా అడగండి. గడ్డ ఏమిటో చెప్పేది ఆ రిపోర్టు ఒక్కటే. మామూలు గడ్డ అని వస్తే ఇంకే మందూ అక్కర్లేదు. హిమాంజియోసార్కోమా అని వస్తే, ఆపరేషన్ ఒక్కదానితో సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందుతో కీమో ఇప్పిస్తే నాలుగు నుంచి ఆరు నెలలు బతుకుతాయి. ఏడాది దాటేవి చాలా తక్కువ. కీమో ఖర్చూ, తిరుగుడూ మీ వల్ల కాకపోతే మానుకోవడంలో తప్పేమీ లేదు. నొప్పి లేకుండా చూసుకుంటే చాలు.

ఇంటికి వచ్చాక కుట్లు తీసే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, పరుగులు, గెంతులు పనికిరావు. కుట్లు నాకకుండా మెడకు కాలర్ వేయండి. నొప్పి ఉందని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, బ్రూఫెన్, పారాసిటమాల్ ఇవ్వవద్దు. అవి కుక్కలకు చాలా ప్రమాదం.

ప్లీహం లేకుండా కుక్క హాయిగా బతుకుతుంది. పాత రక్తకణాలను ఏరివేసే పనిని కాలేయం, ఎముక మజ్జ చూసుకుంటాయి. ఒక్క బబీసియా విషయంలో మాత్రం లోటు తీరదు. ప్లీహం లేని కుక్కకు ఆ జ్వరం వస్తే చాలా తీవ్రంగా ఉంటుంది, ఎప్పుడో తగ్గి లోపల దాక్కున్నది కూడా తిరగబెట్టవచ్చు. కాబట్టి బతికినన్నాళ్లూ పిడుదుల మందు ఆపకూడదు. ఫ్లూరలానర్ బిళ్ల సాధారణంగా 12 వారాలు పనిచేస్తుంది, నెలకొకసారి వేసేవీ ఉన్నాయి. బరువును బట్టి డాక్టర్ గారిని అడిగి వేయండి. తోటకు కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు పూయడం కొన్ని చోట్ల అలవాటుగా ఉంది, దయచేసి ఆ పని చేయకండి. పిడుదులు షెడ్డు గోడల పగుళ్లలో గుడ్లు పెడతాయి, పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి.

ఛాతీ, గుండె శుభ్రంగా ఉంటే ఆపరేషన్ చేయించమనే నా సలహా. పాకిందని తేలితే వద్దు. ఈలోగా మళ్లీ కూలబడినా, చిగుళ్లు పాలిపోయినా, పొట్ట ఉబ్బి వగరుస్తున్నా రాత్రయినా సరే ఆగకుండా బయల్దేరండి. పొట్ట నొక్కకుండా దుప్పటి మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి, స్కానింగ్ రిపోర్టు వెంట ఉంచుకోండి.