బీచ్‌లో వాడేదైతే లెన్సు బయటికి రాని కెమెరానే తీసుకోండి

అన్నా, కొత్తపట్నం బీచ్‌లో ఇసుక పడి మీ జేబు కెమెరా లెన్సు సగంలోనే ఇరుక్కుపోయిందన్నారు, దాని బదులు ఏది కొనాలని అడిగారు. మెగాపిక్సెళ్ల సంగతి పక్కన పెట్టండి. ఆన్ చేయగానే లెన్సు గొట్టం బయటికొచ్చే ఏ కెమెరాకైనా ఆ సందులో ఇసుక రేణువు దూరితే ఇదే గతి.

పిల్లలతో తరచూ సముద్రానికి వెళ్తామన్నారు కాబట్టి ఒలింపస్ టీజీ-6 చూడండి. జూమ్ అంతా లోపలే జరుగుతుంది, 15 మీటర్ల లోతు నీళ్లలోనూ పనిచేస్తుంది. వాడాక మంచినీళ్లతో కడగాలి, ఉప్పు నిలవనివ్వొద్దు. బ్యాటరీ మూత రబ్బరు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు దిగుతాయి, మూసేముందు దగ్గరగా పెట్టి చూసుకోండి.

ఒంగోలు పెళ్లిళ్లలో రాత్రి ఫొటోలే ముఖ్యమైతే మాత్రం కాంతిని పట్టే సెన్సరు పెద్దగా (అంగుళం రకం) ఉన్న సోనీ ఆర్ఎక్స్100 ఎంతో మేలు. దాన్ని ఇసుక దరిదాపులకి కూడా తీసుకెళ్లొద్దు, దాని లెన్సూ బయటికొచ్చేదే.