'వాటర్‌షిప్ డౌన్' పదేళ్ల పాపకి ఇవ్వొచ్చా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అమ్మాయికి పదేళ్లు, పుట్టినరోజుకి ఎవరో 'వాటర్‌షిప్ డౌన్' అనే ఇంగ్లీషు నవల ఇచ్చారు. కుందేళ్ల సాహసయాత్ర కదా అని మీరూ సంతోషించారు. తీరా చదివినవాళ్లని అడిగితే ఒకరు అద్భుతం అన్నారు, ఒకరు బోర్ అన్నారు, ఇంకొకరు రక్తపాతం ఎక్కువ, పిల్లలకి అసలు ఇవ్వొద్దన్నారు. ఎవరి మాట వినాలి?

ఎవరు పట్టిన కుందేటికి వాళ్లు మూడే కాళ్లంటారు. నేను పట్టిన కుందేలు సంగతి నేను చెప్తాను.

పోయిన వేసవి సెలవుల్లో మా అబ్బాయికి ఈ పుస్తకం చదివి వినిపించాను. అప్పుడు వాడికి పదకొండు నిండలేదు. రాత్రిపూట ఒక అధ్యాయం ఇంగ్లీషులో చూసుకుంటూ, నోటికొచ్చిన తెలుగులో చెప్పేదాన్ని. యాభై అధ్యాయాలు. ఒక్కోరోజు నాకు నిద్ర ఆగక, ఒక్కోరోజు వాడు వదలక, మొత్తానికి రెండు నెలలు పట్టింది. మా నాన్నగారు ఆ వేసవి మా దగ్గరే ఉన్నారు. రిటైరైన తెలుగు మాస్టారు. పక్క గదిలో పడుకుని వినేవారు, మధ్యలో తప్పులు పట్టేవారు.

పేరు దగ్గరే మొదటి తమాషా. వాటర్, షిప్, డౌన్ అని ఉంటే ఓడ మునిగిపోయే కథ అనుకున్నాడు మావాడు. డౌన్ అంటే దక్షిణ ఇంగ్లండ్‌లో గడ్డి కప్పుకున్న సుద్దరాతి గుట్ట. వాటర్‌షిప్ డౌన్ నిజంగానే ఉంది, హాంప్‌షైర్‌లో.

కథ రెండు ముక్కల్లో: న్యూబరీ ఊరి దగ్గర శాండిల్‌ఫర్డ్ అనే చోట కుందేళ్ల బొరియలుంటాయి. ఒక సాయంత్రం అక్కడ కొత్త బోర్డు పాతి ఉంటుంది. ఆ ఆరెకరాల్లో ఇళ్లు కడతామని దాని సారాంశం. కుందేళ్లకి చదవడం రాదు. కానీ ఫైవర్ అనే బక్కపిల్లకి పొలమంతా రక్తంలో తడిసినట్టు కనిపిస్తుంది. వాడి మాట నమ్మి అన్న హేజెల్ మరికొందరిని కూడగడతాడు. మొత్తం పదకొండు మంది రాత్రికి రాత్రి బయలుదేరతారు. అక్కడి నుంచి ఏరు దాటడం, కుక్కలు, కార్లు, కొత్త గుట్ట, చివరికి ఒక నియంతతో యుద్ధం.

మేముండేది హైదరాబాద్ శివార్లలో. మా వీధి చివర కూడా ఓపెన్ ప్లాట్స్ అని ఒక పెద్ద బోర్డు ఉంది. మొదటి అధ్యాయం చదివిన మర్నాడు స్కూటీ మీద వెళ్తుంటే మావాడు వెనక నుంచి, "అమ్మా, ఆ బోర్డు పెట్టకముందు అక్కడేముండేవి?" అని అడిగాడు. తొండలు, పాములు ఉండేవేమో అన్నాను. నాకు తెలిస్తేగా.

ఇక అభిప్రాయాల సంగతి. మా ఇంట్లోనే నాలుగు రకాలు.

మావారు యాభై పేజీలు చదివి పక్కన పెట్టేశారు. గడ్డి రంగు, పువ్వు పేరు, గాలి ఎటు వీస్తోంది, ఇదే సరిపోయింది అన్నారు. అబద్ధం కాదు. రచయిత రిచర్డ్ ఆడమ్స్ న్యూబరీలోనే పుట్టాడు, ఆ నేలలో ప్రతి మొక్కా ఆయనకి తెలుసు, తెలిసినదంతా రాశాడు. నేనైతే ఆ వర్ణనల్లో సగం చెప్పకుండా దాటేశాను. మీ అమ్మాయి సొంతంగా చదివితే మొదటి వంద పేజీల్లోనే ఆగిపోయే ప్రమాదముంది. భయం వల్ల కాదు, నడక నెమ్మది వల్ల.

మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. సెలవులకి వచ్చి చివర్లో మాతో కూర్చుంది. ఎఫ్రాఫా అని ఒక కుందేళ్ల రాజ్యం వస్తుంది, దానికి జనరల్ ఊండ్‌వర్ట్ అధిపతి. అక్కడ ప్రతి కుందేలుకీ ఒంటి మీద ఒక చోట కొరికి గుర్తు పెడతారు. ఏ గుర్తువాళ్లు ఏ పూట పైకొచ్చి మేయాలో టైం టేబుల్. పక్కనే కాపలా. ఇది వినగానే ఆ పిల్ల, "పిన్నీ, ఇది మా హాస్టలే!" అంది. మేం నవ్వాం, అది మాత్రం నవ్వలేదు. పేరున్న విమర్శకులు చాలామంది ఎఫ్రాఫాని పోలీసు రాజ్యానికి ప్రతీక అని రాశారు. ఆడమ్స్ మాత్రం ఇందులో ప్రతీకలేమీ లేవని, కారులో వెళ్తూ తన ఇద్దరు కూతుళ్లకి చెప్పిన కుందేళ్ల కథ మాత్రమేనని ఎప్పుడడిగినా అదే మాట చెప్పేవాడు. ఆయన మాట ఆయనది, మా అక్క కూతురి మాట దానిది.

నాన్నగారిది ఇంకో దారి. "మిత్రలాభంలో ఎలుకా కాకీ జింకా మాట్లాడతాయి. కానీ అవి మనుషులే, వేషం ఒక్కటే జంతువుది. ఇవి అలా కాదే, నిజంగా కుందేళ్లే" అన్నారు ఒక రాత్రి. ఆ మాట నాకు చాలా నచ్చింది. రోడ్డు మీద కారు లైట్లు పడితే ఇవి కొయ్యబారిపోతాయి. అలా కొయ్యబారడానికి వీటి భాషలో 'థార్న్' అని ఒక మాట ఉంది. వీటికి లెక్క నాలుగు దాకానే వచ్చు, ఆపైన ఎంతైనా 'హ్రైర్'. ఫైవర్ అసలు పేరు అందులోంచే వచ్చింది. ఇది తెలుగులో ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే మావాడే "ఒకటి, రెండు, మూడు, నాలుగు, బోలెడు" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఫైవర్ పేరు చిన్నబోలెడు. తల మీద పెద్ద కుచ్చు ఉన్న బిగ్‌విగ్ జుట్టోడు అయ్యాడు.

ఆడమ్స్ ఇవన్నీ గాల్లోంచి తీయలేదు. ఆర్.ఎం. లాక్లీ అనే ప్రకృతి శాస్త్రవేత్త కుందేళ్ల జీవితం మీద 1964లో ఒక పుస్తకం రాశాడు, కుందేళ్ల తీరుతెన్నులు చాలావరకు అందులోంచి తీసుకున్నాడు. బొరియలు తవ్వేది ఎక్కువగా ఆడ కుందేళ్లే అన్న సంగతి కూడా. ఇక్కడ మన పాఠకులకి ఒక చిక్కుంది. మన చేలల్లో పరిగెత్తే చెవులపిల్లి బొరియ తవ్వదు, గుంపుగా కాపురం ఉండదు. పొద చాటున ఒంటరిగా నక్కి పడుకుంటుంది. బొరియల ఊళ్లు కట్టేది యూరప్ కుందేలు, మనం పెంపుడు కుందేలని కొనుక్కునే జాతి. ఇది ముందే చెప్తే పిల్లలకి కథ తేలిగ్గా ఎక్కుతుంది. నేను చెప్పలేదు. వారం రోజులు మావాడు, వీళ్లు కన్నాల్లో ఎందుకు ఉంటారని వేధించాడు.

మధ్యలో కుందేళ్లు ఒకదానికొకటి చెప్పుకునే తమ పురాణకథలుంటాయి. ఎల్-అహ్రైరా అనే టక్కరి మూలపురుషుడు, సూర్యుడే దేవుడు. చావుని తెచ్చే నల్ల కుందేలుని ఇన్లే నల్ల కుందేలు అంటారు, ఇన్లే అంటే వాళ్ల భాషలో చంద్రుడు. నాన్నగారు పక్క గదిలోంచి "శశాంకుడు! చూశావా, వాళ్లకీ చంద్రుడిలో కుందేలుంది" అన్నారు. కథ మరో పావుగంట ఆగింది.

నాలుగో అభిప్రాయం నాదే. ఆడవాళ్ల పాత్రల విషయంలో ఈ పుస్తకం పేలవం. బయలుదేరిన పదకొండు మందీ మగవాళ్లే. కొత్త చోట స్థిరపడ్డాక గానీ, ఆడ కుందేళ్లు లేకపోతే పిల్లలెలా అన్న ఆలోచన రాదు. అప్పుడు తేవడానికి బయలుదేరతారు, ఇంట్లోకి సరుకులు తెచ్చినట్టు. హైజెన్‌థ్లే అనే ఆడ కుందేలు ధైర్యంగా నిలబడుతుంది కానీ, ఆమె వచ్చేసరికి సగం పుస్తకం అయిపోతుంది. ఈ విమర్శ చాలా ఏళ్లుగా ఉన్నదే. 1996లో ఆడమ్స్ రాసిన అనుబంధ కథల్లో ఆమెకి నాయకత్వం ఇచ్చాడు. ఈ కథతో 2018లో వచ్చిన టీవీ సీరీస్‌లో స్ట్రాబెర్రీ అనే మగ పాత్రని ఆడ పాత్రగా మార్చారు. మీది అమ్మాయి కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రాకపోతే మీరే అడగండి.

అసలు మీ టెన్షన్ రక్తం గురించి కదా. ఉంది, కాదనను. పోట్లాటల్లో చెవులు చీలతాయి, ఒక కుందేలు ఊపిరాడక విలవిల్లాడుతుంది. కానీ పెద్దవాళ్లు భయపడే చోట పిల్లలు భయపడరని నాకు ఈ పుస్తకంతోనే తెలిసింది. ఏరు దాటేటప్పుడు వెనక కుక్క వస్తుంటే బ్లాక్‌బెర్రీ అనే తెలివైన కుందేలు చెక్కపలక మీద చిన్నవాళ్లని ఎక్కించి నీళ్లలోకి తోస్తాడు. చెక్క ఎందుకు తేలుతోందో మిగతావాళ్లకి బుర్రకెక్కదు. నాకు గుండె దడ, మావాడికి పగలబడి నవ్వు. జనరల్ ఊండ్‌వర్ట్ చిన్నప్పటి కథ వచ్చినప్పుడు, తండ్రిని కాల్చేశారు, తల్లిని ముంగిస లాంటి జంతువు చంపింది అని చదవగానే, అంత దుర్మార్గుడి మీద వీడికి జాలి. "పాపం, వాడికెవరూ లేరుగా" అన్నాడు.

వీడు నిజంగా నలిగిపోయింది ఇంకో చోట. దారిలో వీళ్లకి కౌస్లిప్ అనే కుందేలు కనిపించి, తమ ఊరికి రమ్మంటాడు. అక్కడ అందరూ బొద్దుగా నిగనిగలాడుతూ ఉంటారు. రోజూ ఎవరో క్యారెట్లు పడేసి పోతారు. నక్కల బెడద లేదు. కవిత్వం చెప్పుకుంటారు. ఒక్కటే నియమం, ఫలానావాడు ఎక్కడ అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. అడిగితే మాట మార్చేస్తారు. ఎందుకో 17వ అధ్యాయంలో తెలుస్తుంది. బిగ్‌విగ్ మెడకి తీగ ఉచ్చు పడుతుంది. ఆ ఊరివాళ్లు ఒక్కరూ సాయానికి రారు. మిగతావాళ్లే ఉచ్చు కట్టిన గూటాన్ని తవ్వి, కొరికి వాణ్ని విడిపిస్తారు. మేపేదీ రైతే, ఉచ్చు పెట్టేదీ రైతే.

ఆ రాత్రి మావాడు నోరెత్తలేదు. లైటు ఆపేశాక చీకట్లో, "తాతయ్యా, మనూళ్లో పొట్టేలు కూడా ఇంతేనా?" అన్నాడు. మాది కనిగిరి వైపు. కొలుపులకని మా పెదనాన్న వాళ్లు పొట్టేలుని పెంచుతారు. నానబెట్టిన శనగలు పెడతారు, మెడలో గంట కడతారు. పోయినసారి వెళ్లినప్పుడు వీడే దానికి రోజూ అవిసాకు తినిపించాడు. దానికి పేరు కూడా పెట్టాడు. తర్వాత వెళ్తే అది లేదు. ఎక్కడని ఎవర్నీ అడగలేదని అప్పుడు చెప్పాడు. మేమూ చెప్పలేదు.

నాన్నగారు కాసేపు ఊరుకుని, ఇంతే నాన్నా అన్నారు. తర్వాత తన చిన్నప్పుడు కందిచేలో ఉచ్చుకి పడ్డ చెవులపిల్లి సంగతి చెప్పారు. అది అరుస్తుందని అప్పటిదాకా ఆయనకి తెలియదట. చంటిపిల్ల ఏడ్చినట్టు ఉందట. అరవై ఏళ్ల నాటి సంగతి, నాకెప్పుడూ చెప్పలేదు.

ఇలాంటి పుస్తకాన్ని ఎంతమందో ప్రచురణకర్తలు తిప్పి పంపారంటే ఆశ్చర్యం లేదు. కుందేళ్లంటే పెద్ద పిల్లలకి చిన్నతనంగా ఉంటుంది, ఈ భాష చిన్నపిల్లలకి అందదు, ఇవీ అప్పట్లో చెప్పిన కారణాలు. చివరికి రెక్స్ కాలింగ్స్ అనే చిన్న ప్రచురణకర్త 1972లో 2,500 కాపీలు వేశాడు. దానికి కార్నెగీ మెడల్, గార్డియన్ బాలసాహిత్య బహుమతి రెండూ వచ్చాయి. ఇది పిల్లలకి కాదన్న మాట అప్పటినుంచీ ఉన్నదే, కొత్తదేం కాదు.

సినిమా మాత్రం ముందు చూపించకండి. ఈ తప్పు నేను చేశాను. 1978 నాటి కార్టూన్ సినిమా, బొమ్మలు ముద్దుగా ఉన్నాయని ఒక ఆదివారం మా మరిది కూతురికి కూడా పెట్టాను. దానికి ఏడేళ్లు. అరగంట కాకముందే అది ఏడుపు, మా తోటికోడలు వచ్చి టీవీ ఆపేసింది. రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. బ్రిటన్ సెన్సారువాళ్లే అప్పుడు అందరూ చూడొచ్చని యు సర్టిఫికెట్ ఇచ్చి, 2022లో పెద్దలు చూసుకోవాలనే పీజీకి మార్చారు. వాళ్లకి నలభై ఏళ్లకి పైగా పట్టింది, నాకు అరగంట.

పదేళ్ల పిల్లకి ఒంటరిగా ఇవ్వకండి, పక్కన కూర్చుని చదవండి. పన్నెండు దాటితే తనే చదువుకుంటుంది. 12వ అధ్యాయం మొదలుపెట్టిన రోజు నుంచి 17 అయ్యేదాకా మాత్రం ఒక్క రాత్రి కూడా గ్యాప్ ఇవ్వకండి, ఆ మధ్యలో ఆపితే పిల్లలకి నిద్ర పట్టదు. మావాడు ఆ తర్వాత నెల రోజులు మటన్ ముట్టలేదు. దసరాకి మళ్లీ తిన్నాడు. ముక్క నోట్లో పెట్టుకునే ముందు ఇది ఎవరింటిది అని అడిగాడు. షాపుదే అని చెప్పాను.